‘ఉంట మరి’ అన్నందుకు

2024 ఫిబ్రవరి, రెండో బుధవారం, మధ్యాహ్నం. అమెరికాలోని నోవైలో మా ఆఫీసు, కిటికీ లేని చిన్న కాన్ఫరెన్స్ గది. హాజరైనవారు: గ్రెగ్, ప్రొడక్ట్ మేనేజరు. అన్విత, యంత్రం పలకవలసిన మాటలు రాసే డిజైనరు. డెనీస్, రిహాబ్ సెంటర్ల తరఫున నిబంధనలు చూసే ఆవిడ. ఆమె వీడియోలో ఉన్నారు. నేను, తెలుగు స్పీచ్ ఇంజనీరును. హాజరు కానివారు: సుగుణమ్మ గారు. చర్చ ఆవిడ గురించే.

ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ ఏ సమావేశం జరిగినా ముందు తేదీ, తర్వాత హాజరైనవాళ్ల పేర్లు, ఆ తర్వాతే విషయం డైరీలో రాసుకోవడం నా అలవాటు. హాజరు కాని మనిషి పేరు రాసుకోవడం మాత్రం అదొక్కసారే. రిటైరయ్యాక ఈ వృత్తి గురించి కుర్రవాళ్లు అడిగినప్పుడల్లా నాకు మొదట గుర్తొచ్చేది ఆ సమావేశమే. గొప్ప విజయాలు కొన్ని ఉన్నాయి. అవి ఎందుకో గుర్తు రావు.

నేను చాలా ఏళ్లు కార్ల కంపెనీలకు పనిచేశాను. స్టీరింగ్ పట్టుకుని “ఇంటికి దారి చూపించు” అంటే కారు అర్థం చేసుకుని దారి చూపించాలి. అది తప్పు వింటే డ్రైవరు విసుక్కుంటాడు, మళ్లీ చెబుతాడు. అంతకు మించి నష్టం లేదు. రిటైర్మెంటు దగ్గరపడిన రోజుల్లో ఒక చిన్న కంపెనీలో చేరాను. వాళ్లు చేసేది వేరే పని. ఆస్పత్రి నుంచి వచ్చి రిహాబ్ సెంటరులో ఉన్నవాళ్లకు యంత్రం ఫోన్ చేసి వాళ్ల భాషలోనే మాట్లాడుతుంది. రిహాబ్ సెంటర్ అంటే ఆపరేషన్ అయ్యాక మళ్లీ నడక నేర్పి ఇంటికి పంపించే చోటు. నొప్పి ఎలా ఉంది, మందులు వేసుకున్నారా, ఇంటికి ఎప్పుడు వెళ్తారు, ఇలాంటివి అడిగి జవాబులు నమోదు చేస్తుంది. అంతకుముందు ఈ పని ఇంటర్‌ప్రిటర్లు, అంటే రోగి మాటను ఇంగ్లీషులో చెప్పే మనుషులు, చేసేవారు. యంత్రం వచ్చాక వాళ్లను తగ్గించారు.

ఇటువంటి యంత్రంలో రెండు భాగాలుంటాయి. మొదటిది స్పీచ్ రికగ్నిషన్, అంటే గొంతును అక్షరాలుగా మార్చడం. ఇందులో ఎన్ని మాటలు తప్పు పడ్డాయో లెక్కగట్టే కొలతను వర్డ్ ఎర్రర్ రేట్ అంటారు. రెండో భాగం, ఆ మాటలన్న మనిషికి ఏం కావాలో తేల్చడం. దాన్ని ఇంటెంట్ అంటారు. ‘ఇంటికి వెళ్లాలి’ ఒక ఇంటెంట్. ‘ఇక్కడే ఉండాలి’ ఇంకొకటి. ‘ఫోన్ పెట్టేస్తున్నాను’ మరొకటి. ఒక్కొక్క ఇంటెంట్ కింద, జనం దాన్ని ఏయే మాటల్లో చెబుతారో ఒక పట్టీ ఉంటుంది.

మా కంపెనీలో ఆ పట్టీలు ముందు ఇంగ్లీషులో తయారై, తర్వాత మిగతా భాషల్లోకి వెళ్లాయి. తెలుగులో ‘ఫోన్ పెట్టేస్తున్నాను’ కింద ఏమున్నాయో చూస్తే ‘వీడ్కోలు’ అని ఉంది. ‘మీ దినము శుభముగా గడచుగాక’ అని ఉంది. ఇంతవరకు ఫోన్‌లో నాకు వీడ్కోలు అని చెప్పి పెట్టేసిన తెలుగు మనిషి తగల్లేదు. మనం లేచి వెళ్లేటప్పుడు ‘వస్తాను’ అంటాం. ఫోన్ పెట్టేసేటప్పుడు ‘ఉంటాను’ అంటాం. వెళ్తున్నానన్న మాట నోటితో అనడం మనకు ఇష్టం ఉండదు. ఇది ఏ తెలుగు పిల్లవాడికైనా తెలిసిన సంగతే కాబట్టి, ఉంటాను, ఉంటా, ఉంట అనే మూడు రూపాలనూ ఆ పట్టీలో చేర్చబోయాను. యంత్రం ఒప్పుకోలేదు. అవి అప్పటికే ‘ఇక్కడే ఉండాలి’ కింద ఉన్నాయి. ఒక మాట రెండు ఇంటెంట్ల కింద ఉండకూడదన్నది నియమం.

టికెట్ పెట్టాను. టికెట్ అంటే ఫలానా లోపం ఉంది, సరిచేయండి అని కంపెనీలో పెట్టుకునే అర్జీ. పరీక్ష కాల్స్‌లో ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు, కనుక ప్రాధాన్యం తక్కువ అని మూసేశారు. ఎలా వస్తుంది? పరీక్ష కాల్స్ చేసినవాళ్లంతా ఇక్కడ తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ప్లెయిన్స్‌బరో, ఆష్‌బర్న్ లాంటి ఊళ్ల కుర్రవాళ్లు. అవతల ఉన్నది యంత్రమని తెలిసి మాట్లాడినవాళ్లు. రాసిచ్చింది చదివి, “ఓకే, బై” అని కట్ చేశారు. యంత్రం దగ్గర సెలవు తీసుకోవాలని ఎవరికి తోస్తుంది? టికెట్ మళ్లీ తెరిచాను. మళ్లీ మూసేశారు.

సమావేశానికి రెండు రోజుల ముందు ఒక రిహాబ్ సెంటర్ నుంచి మాకొక ఫిర్యాదు వచ్చింది. మాధవి అనే ఆవిడ రాసింది. ఆమె నోవైలోనే ఒక కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. తల్లి సుగుణమ్మ గారు ఆమె దగ్గరే ఉంటారు, వాళ్లది జనగామ వైపు. జనవరిలో ఆవిడ మెయిల్ బాక్స్ దాకా వెళ్లి ఐస్ మీద జారిపడ్డారు. తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేసి రిహాబ్‌కు పంపారు. కోలుకున్నారు, ఇంటికి పంపే రోజు కూడా ఖాయమైంది. ఆ రోజు ఉదయం సెంటర్ నుంచి మాధవికి ఫోన్ వచ్చింది. “మా ఆటోమేటిక్ కాల్‌లో మీ అమ్మగారు ఇక్కడే మరికొన్నాళ్లు ఉంటానన్నారు. డిశ్చార్జి వాయిదా వేశాం” అని. ఫిర్యాదులో మాధవి తప్పు జరిగిందని రాయలేదు. ‘మా అమ్మ ఆ మాట అని ఉంటే నాకు వినాలని ఉంది’ అని మాత్రమే రాసింది.

తెలుగు ఫిర్యాదులు నా దగ్గరికే వస్తాయి. ఆమెకు ఫోన్ చేశాను.

“అంకుల్, మీరు తెలుగువాళ్లా? థాంక్ గాడ్. నాకొక్కటి చెప్పండి చాలు. అది మా అమ్మ గొంతేనా?”

“ఇంకా వినలేదమ్మా. వినే ముందు మీతో మాట్లాడదామని.”

“వినండి. అమ్మే అయితే కంప్లెయింట్ విత్‌డ్రా చేసుకుంటా. నాకేం ప్రాబ్లం లేదు, ఉండమనండి అక్కడే. మెట్లు ఎక్కలేదని కింద నా ఆఫీస్ రూమ్ ఖాళీ చేశా. బెడ్ తెప్పించా. వాకర్‌కి అడ్డం పడుతుందని కార్పెట్ పీకించా. ఇంటికొచ్చే నర్సును మాట్లాడి పెట్టా… నా దగ్గరకి రావడం ఇష్టం లేకపోతే నాతో చెప్పొచ్చు కదా అంకుల్. మిషన్‌తో చెప్పడం ఏంటి?”

“ఆవిడను అడిగారా?”

“అడిగా. ‘నువ్వు ఉండమన్నంక ఉండక చస్తనా’ అంది. నేనెప్పుడు ఉండమన్నా? మా మాట ముదిరింది. ‘సరే, నీకక్కడే బాగుంటే అక్కడే ఉండు’ అని పెట్టేశా. అప్పట్నుంచీ మాటల్లేవ్.”

ఆ పూటే కాల్ విన్నాను. ఆ సంభాషణను ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను. సుగుణమ్మ గారి అనుమతి తర్వాత తీసుకున్నాను.

యంత్రం ఆడగొంతుతో, మర్యాదగా అడిగింది. “సుగుణమ్మ గారూ, మీ డిశ్చార్జి తేదీ దగ్గరపడింది. మీరు ఇంటికి వెళ్తారా, లేక సెంటర్‌లోనే మరికొన్ని రోజులు ఉంటారా?”

“ఇంటికే పోత బిడ్డా. మా మాధవి గదంత సదిరిపెట్టిందట.”

“ధన్యవాదాలు. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?”

“ఇంకేముంది బిడ్డా, ఏం లేదు. సరే, ఉంట మరి.”

“అలాగే. మీరు ఉంటారని నమోదు చేస్తున్నాను. సరేనా?”

“ఆఁ, సరే సరే. ఉంట బిడ్డా, ఉంట.”

కాల్ ముగిసింది. మనిషి చెప్పిన చివరి మాటనే లెక్కలోకి తీసుకోవాలన్నది మా యంత్రానికి పెట్టిన సూత్రం. జనం మాట్లాడుతూ మాట్లాడుతూ మనసు మార్చుకుంటారు కదా అని పెట్టారు. కాబట్టి ‘ఇంటికే పోత’ అన్న మాటను అది చక్కగా విని, చక్కగా చెరిపేసింది. నేను ట్రాన్‌స్క్రిప్ట్‌ను, అంటే యంత్రం రాసుకున్న మాటలను, రికార్డింగుతో సరిచూశాను. ఒక్క అక్షరం తప్పు లేదు. తెలంగాణ ఉచ్చారణను ఇంత బాగా పట్టుకున్న కాల్ అంతకుముందు మాకు రాలేదు. మామూలు రోజైతే సంతోషించేవాణ్ణి.

బుధవారం సమావేశం ఇందుకే పెట్టించాను. నేను కోరింది ఒక్కటే. నమోదైన జవాబును ‘ఇంటికి’ అని దిద్దాలి. ఇంటికి వచ్చే నర్సు మర్నాడు మధ్యాహ్నం దాకే సుగుణమ్మ గారి కోసం ఆగుతుంది. ఆ తర్వాత ఆమెను వేరే రోగికి ఇచ్చేస్తారు, మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదు. నర్సు లేకపోతే ఇంటికి పంపరు.

గ్రెగ్ కాల్ విన్నాడు, అనువాదం చదివాడు. “ట్రాన్‌స్క్రిప్ట్‌లో తప్పుందా?” అన్నాడు.

“లేదు.”

“కన్ఫర్మ్ చేసుకోకుండా నమోదు చేశామా?”

“చేసుకున్నాం.”

“ఆవిడ సరే అంది. ఒకసారి కాదు. మళ్లీ మళ్లీ అంది.”

“ఫోన్ పెట్టేస్తున్నానని మళ్లీ మళ్లీ చెప్పింది గ్రెగ్. మా భాషలో ఫోన్‌లో సెలవు తీసుకునే మాట అదే.”

“వెళ్లిపోతూ ‘నేను ఉంటాను’ అంటారా మీరు?”

“అంటాం.”

“టఫ్ లాంగ్వేజ్” అన్నాడు, జాలిగా. మా భాషకేదో జబ్బు చేసినట్టు ఉంది ఆ ముఖం.

అన్విత అప్పటిదాకా ల్యాప్‌టాప్ వైపే చూస్తోంది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ఆఫీసులో నన్ను పేరు పెట్టి పిలవమంటే రెండు రోజులు ప్రయత్నించి, నోరు రాక మళ్లీ అంకుల్‌లోకి దిగిపోయింది. తలెత్తి నాతో తెలుగులో అంది. “అంకుల్, మా అమ్మమ్మ కూడా అలాగే అంటుంది. ఉంటానమ్మా, ఉంటానమ్మా అని. నేను చిన్నప్పుడు, ఓ, అమ్మమ్మకి హ్యాంగప్ చేయడం ఇష్టం లేదు అనుకున్నా. సో నేను కూడా చేయలేదు. ఇద్దరం ఊరికే అలా ఉన్నాం ఫోన్‌లో. మమ్మీ వచ్చి తిట్టింది.” తర్వాత గ్రెగ్‌కు ఇంగ్లీషులో చెప్పింది. “ఆయన కరెక్ట్. నాకు తెలుసుండాల్సింది.”

డెనీస్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. నమోదైన పేషెంట్ జవాబును మనం మార్చకూడదు, కూతురు చెప్పినా మార్చకూడదు, పేషెంటే మళ్లీ రికార్డు అయ్యే పద్ధతిలో చెప్పాలి అంది. అది న్యాయమే. అయితే మనిషి చేత అడిగించండి, తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ను పంపండి అన్నాను. చూసి చెప్పింది. తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ను బయటి నుంచి పిలిపించాలి, వచ్చే వారం దాకా దొరకరు. ఉన్న ఇద్దరినీ కిందటేడు వేసవిలో మానిపించారట, మా సిస్టమ్ వచ్చిందని. రేపు ఉదయం సిస్టమే మళ్లీ ఒకసారి ఫోన్ చేసి అడిగేలా పెట్టగలను, అంతకంటే నా చేతిలో లేదు అంది.

“అయితే ఇవాళ ‘ఉంట’ను ‘ఇక్కడే ఉండాలి’ పట్టీలోంచి తీసేద్దాం” అన్నాను. “ఒక్క లైను పని.”

“ఫ్రీజ్‌లో ఉన్నాం” అన్నాడు గ్రెగ్. కొత్త వెర్షన్ బయటికి పంపే ముందు ఎవరూ ఏదీ ముట్టుకోకూడదని తలుపు బిగించడాన్ని ఫ్రీజ్ అంటారు. మర్నాడే ఆ యంత్రం మరికొన్ని రాష్ట్రాల సెంటర్లకు వెళ్తోంది. “రిలీజ్ తర్వాత తప్పకుండా చూద్దాం. టికెట్ పెట్టండి.”

“ఉంది. రెండుసార్లు మూశారు.”

“మళ్లీ తెరవండి” అన్నాడు, చాలా మర్యాదగా. “ఈలోపు మీరెందుకు వెళ్లి ఆవిడకు ఎలా మాట్లాడాలో చెప్పకూడదు? చిన్న యూజర్ ట్రెయినింగ్.”

అన్విత ల్యాప్‌టాప్ మూసేసింది. “సో, సాఫ్ట్‌వేర్ ఫ్రీజ్‌లో ఉంది కాబట్టి పేషెంట్‌కి ప్యాచ్ వేస్తున్నాం?” అంది. ప్యాచ్ అంటే ప్రోగ్రాములో బొక్క పడిన చోట వేసే అతుకు. గ్రెగ్ నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు. డెనీస్ మాత్రం ఒక్క మేలు చేసింది. తన కాల్ తాను వినే హక్కు పేషెంటుకు ఉందని చెప్పి, ఆవిడకు వినిపించడానికి రికార్డింగు నా ఫోన్‌కు పంపింది.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా సెంటరుకు డ్రైవ్ చేశాను. రోడ్డు పక్కల మంచు నల్లబడి గట్టి కట్టింది. మాధవి నాకోసం రిసెప్షన్ దగ్గర నిలబడి ఉంది. గదిలోకి ఒంటరిగా వెళ్లలేదు.

సుగుణమ్మ గారు మంచం మీద కూర్చుని ఉన్నారు. బక్కపలచని మనిషి. కుర్చీలో సర్దిన బ్యాగు, దాని మీద కోటు. ఇంటికి వెళ్లాల్సిన రోజు పొద్దున్నే కోటు వేసుకుని కూర్చున్నారట. ఎవరూ రాలేదు. నర్సు ఫోన్‌లో ఏదో అనువాదం యాప్ పెట్టి చూపించింది. ‘మీరు ఇక్కడే ఉంటారు. మీ కుటుంబానికి తెలియజేశాము’ అని పలికింది అది. కూతురుకు తెలిసి కూడా రాలేదంటే, కూతురే ఉంచమందని ఆవిడ అనుకున్నారు. ఎవరనుకోరు?

నన్ను పరిచయం చేసుకున్నాను. “ఫోన్ కంపెనీ సారా? కూసోన్రి అన్నా” అన్నారు. కూతురి వైపు చూడలేదు. మాధవి తలుపు దగ్గరే నిలబడింది.

“గా ఫోన్ల పిల్లెవరన్నా? హైదరాబాదుల ఉంటదా? మంచిగ మాట్లాడింది. బువ్వ తిన్నవా అని అడగలే గని.”

“అది పిల్ల కాదండీ. యంత్రం.”

“మిషనా? మరి గంత మర్యాదగ మాట్లాడె?”

రికార్డింగు వినిపించాను. తన గొంతు తాను విని మొదట సిగ్గుపడ్డారు. ‘ఉంట మరి’ దగ్గరికొచ్చేసరికి ఆపి, ఈ మాటకే మిమ్మల్ని ఇక్కడ ఉంచారు అని చెప్పాను.

“గిదేంది! ఫోన్ పెట్టేస్తున్న అని చెప్పిన గద!”

తలుపు దగ్గర మాధవి నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపయిందో నేను గమనించలేదు. “అమ్మా, నాతోటి రోజూ అంటవ్ కదే ఆ మాట. రోజూ. నాకెందుకు తట్టలేదు?”

“నువ్వు మిషన్ మాటింటివి. నా మాట ఇంటివా?” అన్నారు సుగుణమ్మ గారు.

“నువ్వు మాత్రం? నేనే ఉంచమన్నానని ఎట్ల అనుకున్నవ్?”

“నర్సు చూపెట్టిందాయె. నాకేమెరుక? ‘అక్కడే బాగుంటే అక్కడే ఉండు’ అని నోటితోని నువ్వే అంటివి గద.”

ఇక్కడ తల్లీకూతుళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. అలా జరగలేదు. మాధవి వచ్చి మంచం చివర కూర్చుంది. తప్పు యంత్రానిదని ఇద్దరికీ తెలిసింది. కానీ ఈ మధ్యలో వాళ్లు ఒకరినొకరు అనుకున్న మాటల్లో యంత్రం పలికినవి ఏమీ లేవు. అవి వాళ్లవే. వాటిని వెనక్కి తీసుకునే పద్ధతి ఎవరి నిబంధనల్లోనూ లేదు.

ఇక నా పని మొదలైంది. నేను యంత్రంలా అడగాలి, ఆవిడ జవాబు చెప్పాలి. “ఇంటికి వెళ్తారా, ఉంటారా?” అన్నాను. “ఇంటికి పోత” అన్నారు. “ఇంకేమైనా చెప్పాలా?” అన్నాను. “ఏం లేదన్నా, ఉంట” అన్నారు. అని, నాలుక కరుచుకున్నారు. మళ్లీ మొదటి నుంచీ. మళ్లీ అదే చోట అదే మాట. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచీ నోటికి పట్టిన మర్యాద అది. ఒక సాయంత్రంలో ఎక్కడికి పోతుంది?

“పోనీ, బై అనండి” అన్నాను.

“బై అంటే చంటిపిల్లలకు చెయ్యి ఊపుడు. పెద్దమనిషిని, నేనంటనా?”

“అయితే ఏమీ అనొద్దు. ఇంటికి పోత అని చెప్పి ఊరుకోండి.”

“ఏమనకుంట పెట్టేస్తే, కోపమొచ్చిందనుకోదా?”

“అమ్మా, అది మిషన్ అని అంకుల్ చెప్పారు కదా” అంది మాధవి.

“మిషనైతే ఏంది? గారూ అని పిలిచింది నన్ను. ఈ దేశమొచ్చినంక నన్ను గారూ అన్నోళ్లు ఎవరున్నరు?”

ఆ ‘గారు’ను పట్టుబట్టి పెట్టించింది అన్విత. పెద్దవాళ్లకు ఆప్యాయంగా ఉంటుందని, కంపెనీలో వాదించి మరీ పెట్టించింది. ఆ ఆప్యాయత లేకపోతే సుగుణమ్మ గారు అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేవారు. ఈపాటికి ఇంట్లో ఉండేవారు. మర్యాదగా పలకడం వరకే నేర్పి, తిరిగి వచ్చే మర్యాదను అర్థం చేసుకోవడం నేర్పకుండా వదిలేశాం. మొదటిది ప్రకటనల్లో వినిపిస్తుంది. రెండోది ఎవరికీ వినిపించదు.

చివరికి ఒక ఏర్పాటు చేసుకున్నాం. జవాబు చెప్పగానే ఆవిడ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవాలి. అలా చేస్తే నాలుగో ప్రయత్నంలో మాట బయటికి రాలేదు. “మంచి చదువే చెప్తున్నరన్నా” అన్నారు చెయ్యి తీసి. నన్ను దెప్పారో, మెచ్చుకున్నారో తెలియలేదు.

మర్నాడు, గురువారం ఉదయం, మళ్లీ వెళ్లాను. మాధవి ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చింది. ఫోన్ మోగగానే స్పీకరు పెట్టి, తల్లి ఒళ్లో ఉంచి పక్కన కూర్చుంది. వేరే గొంతు వినపడితే కాల్ చెల్లదని డెనీస్ ముందే చెప్పింది. అందుకని మేమిద్దరం పెదవి కదపలేదు.

“సుగుణమ్మ గారూ, నమస్కారం. మీరు ఇంటికి వెళ్తారా, లేక సెంటర్‌లోనే మరికొన్ని రోజులు ఉంటారా?”

“ఇంటికి పోత.” ‘బిడ్డా’ అనలేదు. అది మేం నేర్పింది కాదు, ఆవిడే తగ్గించుకున్నారు.

“ధన్యవాదాలు. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?”

ఆవిడ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

“క్షమించండి, మీ మాట వినపడలేదు. ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా?”

రెండో చెయ్యి కూడా పైన పెట్టుకున్నారు. కళ్లు నా మీదే ఉన్నాయి, ఇంకెంతసేపని. యంత్రం మూడోసారి అడిగింది. ఆ మూడోసారి కూడా ‘గారూ’ అనే పిలిచింది. తర్వాత, మీరు ఇంటికి వెళ్తారని నమోదు చేశాను అని చెప్పి తానే కాల్ ముగించింది.

మాధవి లేచి సెంటర్ నర్సుతో మాట్లాడడానికి బయటికి పరుగెత్తింది. ఇంటికి వచ్చే నర్సు ఇంకా వేరే వాళ్లకు వెళ్లలేదు. మధ్యాహ్నానికి బయల్దేరవచ్చన్నారు. పని జరిగింది. నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నది యంత్రానికి తెలుగు నేర్పడానికి. ఆ ఉదయం నేను పూర్తి చేసిన పని, ఒక తెలుగు మనిషికి తెలుగు మాన్పించడం. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగిందల్లా ఇదే. తప్పుగా విన్న మాటలను కొలవడానికి మన దగ్గర కొలతలున్నాయి, వాటికి బహుమతులు కూడా ఉన్నాయి. సరిగ్గా విని మనిషిని తప్పుగా అర్థం చేసుకున్న చోట ఏ కొలతా లేదు. అక్కడ సర్దుకోవలసిన భారం ఎప్పుడూ యంత్రం కట్టినవాళ్ల మీద పడదు. ఫోన్ ఎత్తినవాళ్ల మీద పడుతుంది.

సుగుణమ్మ గారికి కోటు అందిస్తుండగా నా ఫోన్‌లో గ్రెగ్ మెసేజి వచ్చింది. కాల్ చూశానని, యూజర్ తన పొరపాటును తానే సరిదిద్దుకునే వీలు మన సిస్టమ్‌లో ఉందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదని, సాయంత్రం కొత్త సెంటర్లకు ఇచ్చే డెమోలో పేర్లు తీసేసి దీన్నే వినిపిస్తున్నామని. చివర నాకు అభినందనలు.

“ఏమొచ్చిందన్నా? మళ్ల ఉంచుతరటనా?” అన్నారు ఆవిడ, ఒక చెయ్యి కోటులో పెట్టి.

“లేదండీ. మీరు బాగా మాట్లాడారంటున్నారు.”

“ఏం బాగన్నా” అన్నారు, కోటు రెండో చెయ్యి కోసం వెతుక్కుంటూ. “పాపం మూడుసార్లడిగె. మూతి ముడుసుకొని కూసుంటి.”